అటక మీద గుండ్రటి పేక ముక్కలు దొరికాయా? గంజీఫా పెట్టె విప్పి, లెక్క తేల్చి, ఆడే పద్ధతి

పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, పెద్దవాళ్లు పోయాక ట్రంకు పెట్టెలు సర్దేటప్పుడో ఇలాంటిది ఒకటి బయటపడుతుంది. జానెడు పొడవున్న చెక్క పెట్టె, పక్కకి జరిపే మూత, మూత మీద వెలిసిపోయిన పూలతీగ. లోపల పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద గుండ్రటి బిళ్లలు దొంతరగా పేర్చి ఉంటాయి. ఒకవైపు ఎర్రగా, నున్నగా. తిప్పి చూస్తే చేపలు, తాబేళ్లు, శంఖాలు, గొడ్డళ్లు. మా బంధువుల ఇంట్లో ఇవి దొరికినప్పుడు ఒకాయన పూజ సామాను అన్నాడు, ఇంకొకావిడ పాత వైద్యుల మందుబిళ్లల గుర్తులు అంది. పిల్లలు ఈ చర్చ తేలేలోపే రెండు బిళ్లలు తీసుకెళ్లి క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్లుగా వాడేశారు. అవి పేక ముక్కలని చెబితే ఎవరూ నమ్మలేదు. "మరి ఇస్పేటు ఏది, ఆఠీను ఏది?" అని అడిగారు.

ఇస్పేటూ లేదు, ఆఠీనూ లేదు. ఇవి గంజీఫాలు. నాలుగు రంగుల ఇంగ్లిష్ పేక మన ఇళ్లలోకి రాకముందు దేశమంతా ఆడిన పేక ఇది. మాట పారశీకం. బాబరు తన జ్ఞాపకాల్లో 1527లో సింధు పాలకుడు షా హసన్‌కి గంజీఫా పంపించానని రాసుకున్నాడు, ఆయనకి ఈ ఆటంటే ఇష్టమట. అక్కణ్నుంచి నవాబుల కొలువులకీ, దేవాలయాల ఊళ్లకీ, బజారుకీ పాకింది. మన దగ్గర నిర్మల్ పనివాళ్లు, కర్నూలు వైపు నొస్సం చిత్రకారులు కూడా వీటిని చేసేవారు.

మీ చేతికి అలాంటి పెట్టె వచ్చిందనుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెబుతాను. అమ్మితే ఎంతొస్తుంది అనే ప్రశ్న మాత్రం కాసేపు పక్కన పెట్టండి. ఏ రకం పేకో, ముక్కలన్నీ ఉన్నాయో లేదో తేలకుండా దానికి ఎవరూ జవాబు చెప్పలేరు.

1. ముందు తుడవకండి

దుమ్ము పట్టిన వస్తువు కనిపిస్తే మన చెయ్యి తడిగుడ్డ కోసం వెతుకుతుంది. నాదీ అలాగే వెతికింది. ఒకే ఒక్క వాటు వేశాను, చేప తోక గుడ్డ మీదకి వచ్చేసింది. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గర తోక లేని చేపతోనే ఉంది. ఈ రంగుల్ని జిగురుతో కలిపి వేస్తారు, నీళ్లు తగిలితే జిగురు కరుగుతుంది. పైన లక్క పూత ఉన్నా ఇన్నేళ్లలో అది సన్నగా నెర్రెలిచ్చి ఉంటుంది, ఆ నెర్రెల్లోంచి తడి లోపలికి పోతుంది.

కాబట్టి చేతులు కడుక్కుని, బాగా ఆరాక కూర్చోండి. కొబ్బరినూనె రాసుకున్న చేతులు అసలే వద్దు. బల్ల మీద తెల్లటి నూలు గుడ్డ పరవండి. ఫ్యాన్ ఆపేయండి, ఎందుకంటే పెచ్చులూడిన రంగు రేణువులు గాలికి ఎగిరిపోతాయి. మూత బిగుసుకుపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. వానాకాలంలో చెక్క ఉబ్బి పట్టేస్తుంది. పొడి గదిలో నాలుగు రోజులు ఉంచితే చాలావరకు దానంతటదే వదులవుతుంది.

మూత తీయగానే ముక్కలు బయటికి కుమ్మరించకుండా ముందు ఫొటో తీయండి. దొంతర ఏ వరసలో ఉందో, లోపల కాగితం చీటీ ఏదైనా ఉందో, గవ్వలు ఉన్నాయో అన్నీ ఫొటోలో పడాలి. తర్వాత మెత్తటి పొడి బ్రష్షుతో, నీటిరంగులు వేసేవాళ్లు వాడే వెడల్పాటి బ్రష్షయితే మంచిది, పైపైన దుమ్ము దులపండి. రెండు ముక్కలు అతుక్కుపోయి ఉంటే అలాగే వదిలేయండి. చాకు దూర్చి విడదీసినవాళ్లెవరికీ రెండూ దక్కలేదు.

2. దేంతో చేశారో చూడండి

ముక్క అంచుని వెలుతురులో పక్కవాటుగా చూడండి. పొరలు పొరలుగా కనిపిస్తే గుడ్డ లేదా కాగితం. ఒడిశాలోనూ బెంగాల్ విష్ణుపూర్‌లోనూ చేసే పద్ధతి ఇది: పాత గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికిస్తారు, సుద్ద పూసి ఆరబెడతారు, రాయితో రుద్ది నునుపు తేలుస్తారు, గుండ్రంగా కత్తిరించి అప్పుడు రంగు వేస్తారు. వెనకవైపు లక్క. మన ఇళ్లలో బయటపడేవి ఎక్కువగా ఇలాంటి బజారు సరుకే. బజార్ కలం అంటారు వీటిని. గీత చకచకా సాగిపోయి ఉంటుంది, చేపకి కన్ను ఒక చుక్క, అంతే. నాకైతే ఇవే ఎక్కువ ఇష్టం.

రాజుల కోసం చేసినవి దర్బార్ కలం. వాటికి అంచు చుట్టూ సన్నటి పూలబార్డరు ఉంటుంది, బంగారు పూత ఉండొచ్చు. కొన్ని ఏనుగు దంతం మీద, కొన్ని తాబేటి చిప్ప మీద వేసినవి. చిప్ప ముక్కని వెలుతురుకి అడ్డం పెడితే తేనెరంగులో మెరుస్తుంది. దంతం ముక్క చల్లగా, బరువుగా తగులుతుంది, మీద సన్నటి గీతలు కనిపిస్తాయి. మీది ఈ రకమైతే ఒక విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగు దంతం వ్యాపారం నేరం. తాతల నాటిదే కదా అంటే చెల్లదు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేముందు కాదు, అసలు ఆ ఆలోచన వచ్చినప్పుడే అటవీ శాఖ వాళ్లని అడగండి.

3. రంగుల వారీగా కుప్పలు పెట్టండి

పేకాటలో 'రంగు' అంటే ఇస్పేటు, డైమను లాంటి జాతి అని మనకి అలవాటు. గంజీఫాలో ఆ మాట అక్షరాలా నిజం. ప్రతి జాతికీ బొమ్మ వెనకాల నేపథ్యం ఒక రంగు: ఒకటి పచ్చ, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, ఇలా. బొమ్మ ఏమిటో అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ముందు నేపథ్యం చూసి కుప్పలు పెట్టేయండి. పగటి వెలుతురులోనే చేయండి. ట్యూబులైటు కింద నారింజా ఎరుపూ కలిసిపోతాయి, రంగు వెలిసిన ముక్కలైతే మరీను. ఏ అవతారానికి ఏ రంగో ఎక్కడో చూసిన పట్టికని నమ్ముకోకండి. ఊరిని బట్టి, పనివాణ్ని బట్టి రంగులు మారిపోతాయి.

ఇప్పుడు కుప్పలు లెక్కపెట్టండి. ఒక్కో రంగులో 12 ముక్కలు ఉండాలి: ఒక రాజు, ఒక మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెలు. రాణి కోసం వెతక్కండి, లేదు. జాకీ కూడా లేడు.

8 కుప్పలు వస్తే, అంటే మొత్తం 96 ముక్కలైతే, మీది మొఘల్ గంజీఫా. 10 కుప్పలు, 120 ముక్కలైతే దశావతార గంజీఫా. 12 కుప్పలు వచ్చాయంటే అరుదైన సరుకు. అక్బరు కాలంలో 12 రంగులతో 144 ముక్కల పేక ఉండేదని ఆయన కొలువులోని చరిత్రకారుడు అబుల్ ఫజల్ వివరంగా రాసిపెట్టాడు. అందులో మొదటి మూడు రంగులు అశ్వపతి, గజపతి, నరపతి. మనకి ఈ మూడు పేర్లూ వరసగా వినగానే ఢిల్లీ తురక రాజు, ఒడ్డె రాజు, విజయనగర రాయలు గుర్తొస్తారు. అబుల్ ఫజల్ కూడా గజపతిని ఒడిశా రాజుకే ముడిపెట్టాడు. నరపతి దగ్గరికి వచ్చేసరికి బిజాపూరు పేరు రాశాడు. అప్పటికి తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది మరి.

ఇంకా ఎక్కువ ముక్కలు, వాటి మీద ఎప్పుడూ చూడని దేవతలు ఉంటే మైసూరు వైపు ఆలోచించండి. మూడవ కృష్ణరాజ ఒడెయరుకి ఈ పేకల పిచ్చి. అధికారం 1831లో కంపెనీ చేతికి పోయాక కూడా కొత్త కొత్త ఆటలు కల్పిస్తూనే ఉన్నాడు. వాటిలో 360 ముక్కల దాకా వెళ్లినవి ఉన్నాయి. 360 ముక్కలు ముగ్గురికి పంచితే పట్టుకోవడం ఎలాగో ఆ మహారాజుకే తెలియాలి.

4. కుప్పలకి పేర్లు పెట్టండి

మొఘల్ పేకలో ఎనిమిది రంగులూ కలిపితే ఒక నవాబుగారి కొలువు కళ్ల ముందు నిలుస్తుంది. తాజ్ అంటే కిరీటం. సఫేద్ అంటే తెలుపు, వెండి నాణెం. షంషేర్ కత్తి. గులామ్ బానిస, ఈ రంగులో అంకె ఎంతో అంతమంది మనుషులు ఉంటారు. చంగ్ తీగల వాయిద్యం. సుర్ఖ్ అంటే ఎరుపు, బంగారు నాణెం. బరాత్ అంటే చెల్లింపు కోసం రాసిచ్చే హుకుం కాగితం. ఖిమాష్ అంటే సరుకు, కోశాగారంలో ఉండే బట్టల లాంటివి.

వీటిలో మనల్ని తికమక పెట్టేవి రెండు జతలు. సఫేద్, సుర్ఖ్ రెండూ గుండ్రాలే. ఒకటి చంద్రుడిలా తెల్లగా, ఇంకొకటి సూర్యుడిలా పసుపుగానో ఎర్రగానో ఉంటుంది కాబట్టి రెండు ముక్కలు పక్కపక్కన పెడితే తేలిపోతుంది. బరాత్, ఖిమాష్ విడదీయడం కష్టం. నలుచదరంగా, రాతగీతల్లా ఏవో ఉంటే కాగితం అనుకోండి, దిండులా కోలగా ఉంటే సరుకు. చంగ్ సంగతి చెప్పనక్కర్లేదు. అసలు వాయిద్యాన్ని చూడని చిత్రకారులు పాత ముక్కని చూసి కొత్త ముక్క గీస్తూ పోయారు, అలా తరాలు గడిచాక అది వాయిద్యమని పోల్చుకోవడమే గగనం. ఏడు కుప్పలకి పేర్లు దొరికి ఎనిమిదోది అంతుపట్టకపోతే అదే చంగ్.

దశావతార పేక మనకి సులువు. అవతారాల వరస చిన్నప్పుడే నోటికి వచ్చింది కదా. మత్స్యానికి చేప, కూర్మానికి తాబేలు, వరాహానికి శంఖం, నరసింహానికి చక్రం, వామనుడికి నీటి పాత్ర, పరశురాముడికి గొడ్డలి, రాముడికి బాణం, కృష్ణుడికి ఆవు, బుద్ధుడికి పద్మం, కల్కికి కత్తి. మహారాష్ట్రలోని సావంత్‌వాడి పేకల్లో సాధారణంగా కనిపించే గుర్తులు ఇవి. వేరే చోట్ల కొన్ని మారతాయి. రాముడికి కోతి ఉండొచ్చు, కల్కికి గుర్రం. కృష్ణుడి చోట బలరాముడు నాగలి పట్టుకుని కనిపించొచ్చు. ఒడిశా, విష్ణుపూర్ పేకల్లో బుద్ధుడి స్థానంలో పెద్ద కళ్లతో జగన్నాథుడే ఉంటాడు.

కాబట్టి ఒక్క చక్రాన్నో శంఖాన్నో చూసి పేరు పెట్టేయకండి, అవి విష్ణువువి, ఏ అవతారానికైనా నప్పుతాయి. ముందు ఆ కుప్పలో రాజు ముక్కని పట్టుకోండి. అందులో అవతారమే స్వయంగా ఉంటుంది: మండపంలో కూర్చుని, అటూ ఇటూ చామరం వీచే పరిచారకులతో. మంత్రి ముక్కలో హంగు తక్కువ, చాలా పేకల్లో గుర్రం మీద ఉంటాడు. రాజు ఎవరో తేలితే కుప్ప పేరు తేలిపోయినట్టే, అంకెల ముక్కల మీద గుర్తు ఏదైనా సరే.

ఈ పని చేసేటప్పుడు ఒక్క ముక్కనైనా భూతద్దం కింద పెట్టి చూడండి. నా పెట్టెలో మత్స్యం పది ఉంది. పది చేపల్ని రెండు వరసల్లో పేర్చేస్తే చిత్రకారుడి పని అయిపోయేది. ఆయన అలా చేయలేదు. తొమ్మిది చేపలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా ఈదుతున్నాయి, పదోది మధ్యలో అడ్డం తిరిగి ఉంది. మొత్తం ముక్క మూడు వేళ్ల వెడల్పు లేదు. పొలుసులు ఎనిమిది చేపలకే ఉన్నాయి. తొమ్మిదో చేప దగ్గర రంగు ఎండిపోయిందో, భోజనానికి పిలిచారో తెలియదు, మిగతా రెండూ బోడిగా వదిలేశాడు.

5. అంకెల వరస: సగం పేక తలకిందులు

మన పేకలో ఆసు పెద్దది, లేకపోతే రాజు పెద్దవాడు, అన్ని రంగులకీ ఒకే లెక్క. గంజీఫాలో అలా కాదు. రాజు, తర్వాత మంత్రి, ఇంతవరకు అన్నింటికీ సమానమే. ఆ తర్వాత సగం రంగుల్లో 10 పెద్దది, 1 చిన్నది. మిగతా సగంలో 1 పెద్దది, 10 చిన్నది.

మొఘల్ పేకలో తాజ్, సఫేద్, షంషేర్, గులామ్ రంగులకి మంత్రి తర్వాత 10, 9, 8 ఇలా దిగుతుంది. చంగ్, సుర్ఖ్, బరాత్, ఖిమాష్ రంగులకి మంత్రి తర్వాత 1, 2, 3 ఇలా, చివరికి 10 అన్నింటికన్నా తక్కువ.

దశావతారంలో మత్స్యం నుంచి వామనం దాకా ఐదు రంగుల్లో 10 పెద్దది. పరశురాముడి నుంచి కల్కి దాకా 1 పెద్దది. నేను ఇలా గుర్తు పెట్టుకున్నాను: వామనుడి దాకా పెద్దంకె పెద్ద, గొడ్డలి కనిపించిన దగ్గర్నుంచి చిన్నంకె పెద్ద.

కుప్పల్ని ఈ వరసలోనే పేర్చి పెట్టుకోండి. ఒకసారి చేత్తో పేరిస్తే తర్వాత ఆడేటప్పుడు తడబడరు.

6. పోయిన ముక్కల పట్టీ

ఒక లాంగ్ నోట్‌బుక్కు పేజీ అడ్డంగా తిప్పండి. పైన 12 గడులు: రా, మం, 1, 2, 3... 10. పక్కన రంగుల పేర్లు. ఉన్న ముక్కకి టిక్కు, లేని ముక్కకి సున్నా. పాడైన ముక్కకి చిన్న మాట: 'అంచు విరిగింది', 'పురుగు కొట్టింది', నా విషయంలో 'తోక లేదు'.

నా పెట్టెలో 120కి 116 తేలాయి. కూర్మం మంత్రి, వరాహం 7, కల్కి 2, కల్కి 10 లేవు. క్యారమ్ బోర్డుకి వెళ్లినవి ఏవో అడగకండి, అవి తిరిగొచ్చాయి. పట్టీ రాస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. పరశురాముడి నాలుగులో గొడ్డళ్లు మిగతావాటిలా లేవు. కర్ర లావుగా ఉంది, నేపథ్యం రంగు కూడా ఒక ఛాయ ముదురు. అంటే ఎప్పుడో ఆ ముక్క పోతే ఇంట్లోవాళ్లు వేరే ఎవరి చేతో గీయించుకున్నారన్న మాట. ఇలాంటి అతుకు ముక్క కనబడితే తీసి పారేయకండి. అది పేకలో లోపం కాదు, ఆ ఇంట్లో ఆ పేకతో నిజంగా ఆడారనడానికి సాక్ష్యం. అంచులు అరిగి నల్లబడ్డ ముక్కలు, మెరుస్తూ కొత్తగా ఉన్న ముక్కలు విడిగా గుర్తించినా ఇలాంటి కథలే దొరుకుతాయి.

పట్టీ పూర్తయ్యాక ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఫొటో, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు, లక్క మీద తళుక్కుమని బొమ్మ కనిపించదు. కిటికీ పక్కన నీడపట్టున తీస్తే చాలు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం తమ గంజీఫాల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టాయి, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఫొటోలు వాటి పక్కన పెట్టి చూస్తే పేక ఏ ప్రాంతపుదో ఒక అంచనా వస్తుంది. అంచనాయే సుమా. నిర్మల్‌లో దొరికినంత మాత్రాన నిర్మల్‌లో చేసిందని కాదు, కోడళ్లతో పాటు పేకలు కూడా ఊళ్లు మారాయి.

7. దాచడం, అమ్మడం

పెట్టె గట్టిగా ఉంటే ఆ పెట్టెలోనే పెట్టండి. ఒక్కో రంగుని మెత్తటి నూలు గుడ్డలోనో, యాసిడ్ లేని కాగితంలోనో చుట్టి పెట్టాలి. రబ్బరు బ్యాండు వేయకండి, ఎండకి కరిగి లక్కకి అతుక్కుంటుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. కోస్తా ఊళ్లలో ఉండేవాళ్లు సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టెలో, ముక్కలకి తగలకుండా పెట్టుకోండి. లామినేషన్, సెల్లోటేపు, వార్నిష్, ఈ మూడింటినీ ఇంట్లో ఎంత ఉత్సాహవంతుడు సలహా ఇచ్చినా వినకండి. ఏడాదికి రెండుసార్లు తెరిచి చెదలూ పురుగూ చూసుకుంటే చాలు.

అమ్మాలనుకుంటే సెట్టు విడదీయకండి. నా దగ్గరికి వచ్చిన ఒక పాతసామాన్ల వ్యాపారి పది రాజు ముక్కలు మాత్రం ఇవ్వండి, ఫ్రేము కట్టించి అమ్ముకుంటాను, అంకెల ముక్కలు మీరే ఉంచుకోండి అన్నాడు. రేటు బాగానే చెప్పాడు, ఒప్పుకుందామా అని ఒక పూట ఊగిసలాడాను కూడా. కానీ రాజులు పోతే మిగతా 106 ముక్కలకి తలకాయలు పోయినట్టే. ఏ అవతారానిదో చెప్పేది రాజు ముక్కే అని పైన చూశారు కదా. ఇంకొకటి, వందేళ్లు దాటిన కళావస్తువుల్ని సొంతంగా విదేశాలకి పంపడం 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో గుర్తుగా నాలుగు ముక్కలు పెడదామనుకునేవాళ్లు ఆగండి.

8. ఒక ఆట ఆడండి

పాత ముక్కలతో ఆడకండి. కానీ ఆడకుండా మాత్రం ఉండకండి. మీరు తీసిన ఫొటోల్నే అసలు సైజులో ప్రింటు తీసి, మందపాటి అట్ట మీద అతికించి, గుండ్రంగా కత్తిరించండి. లేని ముక్కల్ని పిల్లల చేత గీయించండి. మా ఇంటి కల్కి పది మీద ఉన్న పది కత్తుల్లో రెండు క్రికెట్ బ్యాట్లలా ఉంటాయి. ఇంత ఓపిక లేకపోతే కొత్త పేక కొనుక్కోవచ్చు. ఒడిశా రఘురాజ్‌పూర్‌లో, విష్ణుపూర్‌లో, మహారాష్ట్ర సావంత్‌వాడిలో ఇప్పటికీ చేస్తున్నారు. సావంత్‌వాడిలో ఈ కళ తెలిసినవాళ్లు దాదాపు కనుమరుగయ్యే దశలో అక్కడి రాజకుటుంబానికి చెందిన శివరామ్‌రాజే భోస్లే, సత్వశీలాదేవి దంపతులు తామే నేర్చుకుని కొత్తవాళ్లకి నేర్పించారు.

దశావతార పేకకి ముగ్గురు కూర్చోవాలి. జట్లు లేవు, ఎవరికి వారే. దుప్పటి పరిచి ముక్కలన్నీ బోర్లా పోసి, రెండు అరచేతులతో కలగలపండి. గుండ్రటి ముక్కల్ని మామూలు పేకలా చేతిలో కలపలేరు. తలా 40 వచ్చేలా నాలుగేసి ముక్కలు పంచండి. ఆట ఎడమకి కాదు, కుడికి తిరుగుతుంది. నలభై ముక్కలు చేతిలో విసనకర్రలా విప్పడం కుదరదు. రంగుల వారీగా సర్దుకుని, ఆటలో పనికిరాని చిన్న ముక్కల్ని వెనక్కి తోసేసుకోండి.

ఎవరు మొదలు పెట్టాలన్నది పొద్దుని బట్టి ఉంటుంది. పగలైతే రాముడి రాజు ముక్క ఎవరి దగ్గర ఉందో వారు, రాత్రయితే కృష్ణుడి రాజు ముక్క ఉన్నవారు. మొఘల్ పేకలోనూ ఇంతే, పగలు సూర్యుడి రంగైన సుర్ఖ్, రాత్రి చంద్రుడి రంగైన సఫేద్. ఆ రాజుని ఒంటరిగా దింపకూడదు, పక్కన ఏదో ఒక చిన్న ముక్క కలిపి రెండు ముక్కలు వేయాలి. మిగతా ఇద్దరూ తలా రెండు పనికిరాని ముక్కలు పారేస్తారు. ఒక్కో విడత ముగ్గురూ వేసిన మూడు ముక్కలూ కలిపి ఒక పట్టు, ఈ రెండు పట్లూ రాజు వేసినవారివే.

అక్కణ్నుంచి ఒక్కో ముక్క. మొదట వేసినవారి రంగే వేయాలన్న నిర్బంధం ఎవరికీ లేదు, ఏ ముక్కయినా పారేయొచ్చు. కానీ పట్టు దక్కాలంటే అదే రంగులో అంతకంటే పెద్ద ముక్క పడాలి. తురుపు లేదు. పట్టు ఎత్తినవారు తర్వాత వేస్తారు. మొత్తం 40 పట్లు, ఎక్కువ ఎత్తినవారు గెలిచినట్టు. సంప్రదాయంగా ఆడేవాళ్లకి ఇంకా చాలా షరతులు ఉన్నాయి, ఏ ముక్క ఎప్పుడు తప్పక వేయాలి అని. అవి ఊరూరికీ మారతాయి. మొదటి సాయంత్రానికి ఇది చాలు.

వినడానికి చప్పగా అనిపిస్తుంది, తురుపు లేని ఆట ఏమిటని. పది పట్లు తిరిగాక తెలుస్తుంది తమాషా. ఇది జ్ఞాపకశక్తి ఆట. పరశురాముడి రాజు, మంత్రి పడిపోయారా? అయితే మీ చేతిలో ఉన్న ఒంటి గొడ్డలి ముక్కే ఇప్పుడు ఆ రంగుకి మహారాజు. అది గుర్తున్నవారు దాన్ని దింపి పట్టు ఎత్తుకుంటారు, గుర్తు లేనివారు చిన్న ముక్కే కదా అని పారేసుకుంటారు. మొదటి ఆటలో నేను అచ్చంగా అదే చేశాను. అలవాటు చొప్పున ఒకటి అంటే చిన్నదనుకుని పారేశాను, ఎదురుగా కూర్చున్న మా మేనత్త ఏమీ అనకుండా నవ్వుకుంటూ ముక్కలెత్తుకుంది.

ఒక పంపకం పూర్తవడానికి కొత్తవాళ్లకి గంటకి పైనే పడుతుంది. సాయంత్రం కూర్చుంటే మధ్యలో పొద్దు కుంకుతుంది, అప్పుడు రాముడా కృష్ణుడా అని గొడవ వస్తుంది. మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం: ముక్కలు పంచేటప్పుడు వీధి లైటు వెలగకపోతే రాముడు, వెలిగితే కృష్ణుడు. పంచాక మారదు.